ఇంటి లెక్క ఒక్కరి తలలోనే ఉండకూడదు

(రోగుల కుటుంబ సభ్యులకు ఇచ్చిన ఆరోగ్య ప్రసంగం)



మీలో కొందరు రాత్రంతా మంచం పక్కన కూర్చొని, ఉదయం ముఖం కడుక్కొని ఇక్కడికి వచ్చారు. కొందరు డ్యూటీ దిగి ఇంటికి కూడా వెళ్ళకుండా నేరుగా వచ్చారు. కొందరి చేతిలో టిఫిన్ క్యారియరు ఉంది. కొందరి చూపు మాటిమాటికీ గడియారం మీదికి పోతోంది, ఎందుకంటే పిల్లలు బడి నుండి వచ్చే వేళయింది. అందుచేత మిమ్మల్ని ఎక్కువసేపు కూర్చోబెట్టను. ఉద్యోగమో కూలిపనో చేసుకుంటూ, పిల్లలను పెంచుకుంటూ, ఇంట్లో ఒక పేషెంటును కూడా చూసుకోవలసి వచ్చినప్పుడు ఇల్లు ఎలా నడుపుకోవాలి? ఈ ఒక్క విషయమే మాట్లాడుకుందాం.

కనిపించే పని, కనిపించని పని

ఇంటి పని రెండు రకాలు. వంట, గిన్నెలు, బట్టలు, నీళ్ళు పట్టడం – ఇవి కంటికి కనిపించే పనులు. రెండో రకం తలలో పెట్టుకొనే పని. గ్యాసు ఎప్పుడు అయిపోతుంది, పాలవాడికి ఎంత ఇవ్వాలి, బడి ఫీజుకు ఆఖరు తేదీ ఏది, అత్తగారి బి.పి. మాత్రలు ఇంకా ఎన్ని రోజులకు సరిపోతాయి, మామగారిని మళ్ళీ ఎప్పుడు చూపించాలి – ఇవన్నీ ఎక్కడా రాసి ఉండవు. చాలా ఇళ్ళలో ఇవి ఒక్కరి తలలోనే ఉంటాయి. ఆ ఒక్కరు సాధారణంగా ఆ ఇంటి తల్లి.

2019లో మన దేశ ప్రభుత్వం ప్రజలు రోజును ఎలా గడుపుతున్నారో సర్వే చేసింది. ఇంటి పని చేసే ఆడవారు జీతం లేని ఆ పనికి రోజుకు సగటున 299 నిమిషాలు, అంటే దాదాపు 5 గంటలు వెచ్చిస్తున్నారని తేలింది. ఇంటి పని చేసే మగవారు వెచ్చించేది 97 నిమిషాలు. గంటలు లెక్కపెట్టారు గనుక ఈ సంఖ్యలు తెలిశాయి. తలలో మోసే పనికి గడియారం లేదు. బస్సులో కూర్చున్నా, మిషను ముందు నిలబడినా, పొలంలో నాట్లు వేస్తున్నా అది నడుస్తూనే ఉంటుంది.

ఇంట్లో అందరూ బాగున్నప్పుడు ఈ పద్ధతి ఎలాగో నడిచిపోతుంది. ఒకరు జబ్బు పడితే మాత్రం ప్రమాదం మొదలవుతుంది. ఎలాగో ఒక ఉదాహరణ చెబుతాను.

ఒక ఇంట్లో నాయనమ్మకు షుగరు. కోడలు ఉదయం 7 గంటలకు ఇన్సులిన్ ఇచ్చి, ఇడ్లీలు మూతపెట్టి డ్యూటీకి వెళ్ళిపోయింది. 8 గంటలకు కొడుకు నైట్ డ్యూటీ నుండి వచ్చాడు. "అమ్మా, సూది వేసిందా?" అని అడిగాడు. పెద్దావిడకు సరిగా గుర్తులేదు, "ఏమో నాయనా" అంది. తల్లికి మంచి చేద్దామనే ఉద్దేశంతో అతను మళ్ళీ ఇన్సులిన్ వేసి పడుకున్నాడు. 11 గంటలకు ఆమెకు చెమటలు పట్టి, చేతులు వణుకుతుంటే పక్కన ఉన్నది ఆరేళ్ళ మనుమడు ఒక్కడే. ఇందులో ప్రేమ లేనివారు ఎవరూ లేరు. కష్టపడనివారూ లేరు. ఆ ఇంట్లో లేనిది ఒక కాగితం, ఒక పెన్సిలు.

కాబట్టి నేను ఈ రోజు చెప్పదలచుకొన్నది ఒక్క మాట. ఇంటి లెక్కను ఒక్కరి తలలో నుండి తీసి, అందరి కళ్ళ ముందు పెట్టండి.

గోడ మీద ఒక కాగితం

ఇంట్లో అందరూ రోజూ చూసే చోట, వంటింటి తలుపు మీద గానీ, క్యాలెండరు పక్కన గానీ ఒక పెద్ద కాగితం అతికించండి. పిల్లల పాత నోటుబుక్కులోని కాగితమైనా చాలు. దాని మీద నాలుగు గళ్ళు గీయండి.

మొదటి గడిలో మందు పేరు, ఎంత, ఏ వేళకు, తిండికి ముందా తర్వాతా అని రాయండి. రెండో గడిలో ఆ పూట ఇవ్వవలసినవారి పేరు రాయండి. "ఎవరో ఒకరు ఇస్తారులే" అనే మాట ఈ ఇంట్లో ఉండకూడదు. ఉదయం మందు ఫలానావారిది, రాత్రి మందు ఫలానావారిది అని పేరు ఉండాలి. మూడో గడి ఇచ్చిన వెంటనే టిక్కు పెట్టడానికి. ఇవ్వబోయే ముందు పెట్టకూడదు, ఇచ్చిన తర్వాతే పెట్టాలి. నాలుగో గడిలో మందు అయిపోయే తేదీ, మళ్ళీ డాక్టరు గారికి చూపించవలసిన తేదీ రాయండి. మందు అయిపోవడానికి వారం ముందే కొనండి.

టిక్కు లేకపోతే ఏం చేయాలి? ముందు ఫోను చేసి అడగండి. ఇచ్చారో లేదో తేలకపోతే, ముఖ్యంగా ఇన్సులిన్ విషయంలో, మళ్ళీ వేయకండి. ఆసుపత్రికి ఫోను చేసి కనుక్కోండి. ఒక పూట మాత్ర మరచిపోతే తర్వాతి పూట రెండు కలిపి మింగించకండి.

ఇన్సులిన్ తీసుకొనే వారి ఇంట్లో పిల్లలతో సహా అందరికీ ఈ సంగతి తెలియాలి. చెమటలు, వణుకు, గుండెదడ, విపరీతమైన ఆకలి, మాట తడబడడం – ఇవి షుగరు పడిపోతున్నదనే గుర్తులు. పేషెంటు తెలివిలో ఉండి మింగగలిగితే మూడు చిన్న చెంచాల పంచదార నీళ్ళలో కలిపి తాగించండి. 15 నిమిషాలు చూసి, తగ్గకపోతే మళ్ళీ ఇవ్వండి. తేరుకొన్న తర్వాత అన్నమో, ఇడ్లీయో పెట్టండి. తెలివి తప్పి ఉంటే మాత్రం నోట్లో ఏమీ పోయకండి. పక్కకు తిప్పి పడుకోబెట్టి 108కి ఫోను చేయండి. 108 నంబరు, ఆసుపత్రి నంబరు, ఇంటికి దగ్గరలో ఉన్న ఒక బంధువు లేక పొరుగువారి నంబరు అదే కాగితం అడుగున పెద్ద అక్షరాలతో రాసిపెట్టండి.

ఇన్సులిన్ దాచే పద్ధతి కూడా అందరికీ తెలియాలి. వాడని సీసాలు ఫ్రిజ్‌లో ఉంచాలి, మంచు గడ్డకట్టే అరలో పెట్టకూడదు. ఫ్రిజ్ లేనివారు తడి ఇసుకలో పెట్టిన మట్టికుండలో, సీసాను ప్లాస్టిక్ డబ్బాలో పెట్టి, నీడన ఉంచుకోవచ్చు. మన ప్రాంతంలో మే నెల ఎండలకు రేకుల ఇంట్లో అలమరలో పెట్టిన ఇన్సులిన్ పాడైపోతుంది. పాడైన మందు వేస్తూ "షుగరు ఎందుకు తగ్గడం లేదు" అని బాధపడి లాభం లేదు.

ఆసుపత్రి కాగితాలన్నీ ఒకే సంచిలో ఉండాలి. చీటీలు, రక్తపరీక్షలు, ఎక్స్‌రేలు, ఆధార్ కార్డు, రేషను కార్డు, ఆరోగ్య పథకం కార్డు, ఈ.ఎస్.ఐ. కార్డు ఉంటే అది – అన్నీ అందులోనే. ఆ సంచి ఎక్కడుందో ఇంట్లో కనీసం ఇద్దరికి తెలిసి ఉండాలి. అర్ధరాత్రి పూట వెతుక్కొనే అరగంట చాలా విలువైనది.

వంట: ఒక్క కూర, రెండు గిన్నెలు

పనిచేసే తల్లికి పేషెంటు వంట వేరు, పిల్లల వంట వేరు, పెద్దల వంట వేరు అంటే రోజు సరిపోదు. వేరు వేరుగా వండనవసరం లేదు కూడా. పప్పు గానీ కూర గానీ ఉడికిన తర్వాత ఉప్పు, కారం వేయకముందే పేషెంటు వాటా ఒక గిన్నెలోకి తీసి, డాక్టరు గారు చెప్పినంత ఉప్పు మాత్రం కలపండి. మిగతా దానికి మీ అలవాటు ప్రకారం తాలింపు పెట్టుకోండి. అయితే పెద్దవారు ఎవరైనా రోజుకు 5 గ్రాముల లోపు, అంటే ఒక చిన్న చెంచాకు మించకుండా ఉప్పు వాడాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ సలహా. ఆవకాయ, అప్పడం, ఊరమిరపకాయలు, పచ్చళ్ళలోని ఉప్పు కూడా ఈ చెంచాలోనే లెక్క. కనుక పేషెంటు కూర ఇంట్లో అందరికీ మంచిదే.

ఒక హెచ్చరిక. సోడియం తక్కువ అని అమ్మే ఉప్పులో పొటాషియం ఉంటుంది. కిడ్నీ జబ్బు ఉన్నవారికి, కొన్ని రకాల బి.పి. మందులు వాడేవారికి అది ప్రమాదం కావచ్చు. డాక్టరు గారిని అడగకుండా కొనకండి.

రాత్రి పూట చేసి పెట్టుకోదగిన పనులు కొన్ని ఉన్నాయి. ఆకుకూర ఏరి ఆరబెట్టడం, పప్పు నానబెట్టడం, వెల్లుల్లి వలవడం, పిల్లల యూనిఫాం, సంచులు సర్దడం. ఫ్రిజ్ ఉంటే ఇడ్లీ పిండి రెండు మూడు రోజులకు ఒకేసారి రుబ్బుకోవచ్చు. కానీ వండిన అన్నం, కూర బయట రెండు గంటలకు మించి ఉంచకండి. ఉదయం 6 గంటలకు వండి, ఒంటిగంటకు పేషెంటుకు పెట్టే ఇళ్ళు చాలా ఉన్నాయి. ఆపరేషను అయినవారికి, క్యాన్సరు మందులు తీసుకొనేవారికి, చిన్నపిల్లలకు ఇది విరేచనాలు తెచ్చిపెట్టగలదు. ఫ్రిజ్‌లో పెట్టి, తినే ముందు పొగలు వచ్చేలా వేడిచేయండి. ఆ సౌకర్యం లేకపోతే మధ్యాహ్నానికి ఇంట్లో ఉన్నవారు గుప్పెడు బియ్యమో రవ్వో అప్పటికప్పుడు ఉడికించుకొనేలా అన్నీ సిద్ధం చేసి వెళ్ళండి.

వంట సులువు చేసుకోవడం తప్పు కాదు. ఒక పూట పప్పు, అన్నం, ఒక గుడ్డు, ఒక పండు ఉంటే అది పూర్తి భోజనమే. మూడు కూరలు చేయలేదని ఏ తల్లీ తనను తాను నిందించుకోనవసరం లేదు.

పిల్లలు: సాయం వేరు, బాధ్యత వేరు

పిల్లలకు పని చెప్పడం మంచిదే. ఆరేడేళ్ళ పిల్లలు బట్టలు మడతపెట్టగలరు, కంచాలు సర్దగలరు. పదేళ్ళ పిల్లలు మంచినీళ్ళ సీసాలు నింపగలరు, తాతయ్యకు పేపరు చదివి వినిపించగలరు. ఈ పనులు ఆడపిల్లకు ఎన్నో మగపిల్లవాడికీ అన్నే. వాడు రేపు ఒక ఇంటి తండ్రి అవుతాడు. కంచం కడగడం ఇప్పుడు నేర్చుకొంటే అప్పుడు ఎవరూ నేర్పనవసరం లేదు.

కానీ మూడు పనులు పిల్లలకు అప్పగించకండి. ఒకటి, మందులు ఇవ్వడం. మందుల డబ్బా వారికి అందని ఎత్తులో ఉండాలి. రంగు మాత్రలు చిన్నపిల్లల కంటికి చాక్లెట్లలాగే కనిపిస్తాయి. రెండు, పెద్దవారు లేనప్పుడు పొయ్యి వెలిగించడం. మూడు, పేషెంటు బాధ్యత. "నాయనమ్మను చూసుకోవడానికి ఎవరూ లేరు, పెద్దపిల్లను ఈ నెల బడి మాన్పించాం" అనే మాట వార్డులలో వినిపిస్తూ ఉంటుంది. ఒక నెల రెండు నెలలవుతుంది, తర్వాత పరీక్షలు పోతాయి, తర్వాత "ఇక ఎందుకులే" అంటారు. ఒక మనిషి జబ్బుకు ఇద్దరి జీవితాలు ఖర్చవుతాయి. 2009 నాటి విద్యాహక్కు చట్టం 2010 ఏప్రిల్ 1 నుండి అమలులోకి వచ్చింది. 6 నుండి 14 ఏళ్ళ ప్రతి బిడ్డకూ చదువు హక్కు అని అది చెబుతోంది. బడి మాన్పించే ముందు మీ వార్డు నర్సుతోనో, మీ టీచరుతోనో, మీ ఊరి ఆశా కార్యకర్తతోనో ఒకసారి మాట్లాడండి. ఇద్దరు చుట్టాలు చెరొక పూట వంతులు వేసుకోవచ్చు. పొరుగువారు మధ్యాహ్నం ఒక గంట చూడవచ్చు. అడగనిది ఎవరూ ఇవ్వరు. అడగడం చిన్నతనం కాదు.

తండ్రులకు ఒక మాట

అన్నలారా, "నేను కూడా సాయం చేస్తానండి" అని మీరు అంటూ ఉంటారు. మంచి మాటే. అయితే సాయం అంటే ఆ పని వేరొకరిదనీ, మీరు చేయి వేస్తున్నారనీ అర్థం. "ఏం చేయమంటావు?" అని అడిగితే, చెప్పవలసిన బరువు మళ్ళీ ఆమె మీదనే పడుతుంది. దానికి బదులు ఒక పనిని మొదటి నుండి చివరి వరకు మీది చేసుకోండి. ఉదాహరణకు, మందులు మీవి. అంటే అయిపోతున్నాయని చూడడం, కొనడం, డబ్బాలో సర్దడం, కాగితం మీద తేదీ మార్చడం అన్నీ మీవే. లేదా బడి మీది. ఫీజు, డైరీ, టీచరుతో మీటింగు, బిడ్డకు జ్వరం వస్తే ఫోను రావలసింది మీకే.

దూరాన ఉన్నా ఇది చేయవచ్చు. జగిత్యాల, నిజామాబాదు వైపు నుండి, కోనసీమ నుండి, కడప నుండి గల్ఫ్ దేశాలకు పోయిన తండ్రులు ఎందరో ఉన్నారు. దుబాయిలో గంట మనకంటే గంటన్నర వెనుక, కువైట్, సౌదీ, ఖతార్‌లలో రెండున్నర గంటలు వెనుక. మన రాత్రి 8 గంటలకు అక్కడి నుండి ఒక ఫోను రావచ్చు. "అమ్మకు రాత్రి మాత్ర వేశారా? కాగితం మీద టిక్కు పెట్టారా? బాబు హోంవర్కు అయిందా?" అని అడిగితే, ఆ ఒక్క పని ఇంట్లో ఉన్నామె తలలో నుండి దిగిపోతుంది. డబ్బు పంపడం ఎంత అవసరమో ఇదీ అంతే అవసరం.

వారానికి ఒకసారి, మీకు వీలైన రోజున, పదిహేను నిమిషాలు ఇంటిల్లిపాదీ కూర్చోండి. వచ్చే వారం ఎవరికి ఏ డ్యూటీ, ఆసుపత్రికి ఎవరు వెళ్తారు, పిల్లల పరీక్షలు ఎప్పుడు, చేతిలో ఎంత డబ్బుంది అని మాట్లాడుకోండి. పేషెంటును కూడా కూర్చోబెట్టండి. వారి ఎదుటే వారి గురించి నిర్ణయాలు జరగాలి. మంచం మీద ఉన్న తాతయ్య కూడా బఠాణీలు వలిచి, మనుమరాలికి ఎక్కాలు అప్పగించుకోగలడు. "నేను భారం కాదు" అనే ధైర్యం కూడా ఒక మందే.

ఇల్లు నడిపేవారి ఒంటి సంగతి

చివరిగా అన్నిటికంటే ముఖ్యమైన సంగతి. ఇంట్లో ఒకరిని ఆసుపత్రికి తెచ్చిన తల్లి తన ఒంటి బాధను వాయిదా వేస్తుంది. "ఆయనకు తగ్గనివ్వండి, తర్వాత నన్ను చూపించుకుంటాను" అంటుంది. ఆ తర్వాత వచ్చేసరికి జబ్బు ముదిరి ఉంటుంది.

2019–21లో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15 నుండి 49 ఏళ్ళ ఆడవారిలో ఆంధ్రప్రదేశ్‌లో 58.8 శాతం, తెలంగాణలో 57.6 శాతం మందికి రక్తహీనత ఉంది. అంటే ఇక్కడ కూర్చున్న ప్రతి ఇద్దరు చెల్లెళ్ళలో ఒకరికి ఉండవచ్చు. మెట్లెక్కితే ఆయాసం, ఎప్పుడూ అలసట, తల తిరగడం, చిరాకు – వీటిని "పని ఎక్కువై" అని సరిపెట్టుకుంటారు. ఒక చిన్న రక్తపరీక్షతో తెలిసిపోతుంది. గర్భవతి కాని స్త్రీకి హిమోగ్లోబిన్ 12 గ్రాములకు తగ్గకూడదు. తోటకూర, మునగాకు, గుడ్లు, మాంసం, పప్పులు తినండి, అన్నంలో నిమ్మకాయ పిండుకోండి. భోజనం కాగానే టీ తాగకండి, ఒక గంట ఆగండి. అందరూ తిన్నాక అడుగున మిగిలింది తినే అలవాటు మానండి. మీ కంచం కూడా అందరితో పాటే పెట్టుకోండి.

ఈ గుర్తులు ఉంటే పేషెంటు తగ్గేవరకు ఆగకండి. రొమ్ములో గడ్డ, ముట్లు ఆగిన తర్వాత రక్తం కనబడడం, దుర్వాసనతో తెల్లబట్ట, రెండు వారాలు దాటిన దగ్గు, కారణం లేకుండా బరువు తగ్గడం ఉంటే ఈ వారంలోనే చూపించుకోండి. ఛాతీలో నొప్పి, ఆయాసంతో చెమటలు, లేదా మూతి ఒక పక్కకు పోవడం, చెయ్యి లేవకపోవడం, మాట తడబడడం ఉంటే వెంటనే రండి. 30 ఏళ్ళు దాటిన వారందరూ, మగవారైనా ఆడవారైనా, బి.పి., షుగరు చూపించుకోండి. మీరు రోజూ ఆసుపత్రికి వస్తూనే ఉన్నారు గదా, అయిదు నిమిషాలు చాలు. ఈ.ఎస్.ఐ. ఉన్న ఉద్యోగి తానే జబ్బుపడి సెలవు పెడితే, నిబంధనల ప్రకారం కొంత జీతం కూడా వస్తుంది. ఆ వివరాలు ముందే తెలుసుకొని ఉంచండి.

మనసు కూడా ఒంటిలో భాగమే. వారాల తరబడి నిద్ర పట్టకపోవడం, ఊరికే ఏడుపు రావడం, పిల్లల మీద చేయి లేవడం, బ్రతికి ఏం లాభం అనిపించడం – ఇవి బలహీనత కాదు, చికిత్స ఉన్న బాధలు. 2022 అక్టోబరులో ప్రభుత్వం టెలి మానస్ అనే ఉచిత ఫోను సేవను ప్రారంభించింది. నంబరు 14416. ఏ వేళనైనా తెలుగులో మాట్లాడవచ్చు. ఈ నంబరు కూడా గోడ మీది కాగితంలో చేర్చండి.

ఈ రాత్రికే మొదలుపెట్టండి

ఇన్ని విన్నాక ఎక్కడ మొదలుపెట్టాలి అని అనిపించవచ్చు. ఈ రాత్రి మూడు పనులు చేయండి చాలు. కాగితం మీద మందుల వేళలు, ఇచ్చేవారి పేర్లు రాయండి. ఇంట్లో ఇంకొకరిని పిలిచి ఆసుపత్రి కాగితాల సంచి చూపించండి. మీ తలలో ఉన్న పనులలో ఒక్కటి పూర్తిగా మరొకరికి అప్పగించండి. వారు మీలాగా చేయకపోవచ్చు. పప్పు కొంచెం మాడవచ్చు, చొక్కా ఇస్త్రీ సరిగా ఉండకపోవచ్చు. ఊరుకోండి, మధ్యలో లాక్కోకండి. రెండు వారాలలో వారికి వారి పద్ధతి వస్తుంది.

మందుల చీటీ అర్థం కాకపోతే డిశ్చార్జి అయ్యేలోపు మీ వార్డు సిస్టరును అడగండి. కాగితం ఎలా గీయాలో చూపిస్తారు. రెండుసార్లు అడిగినా, మూడుసార్లు అడిగినా చెప్పడానికే మేము ఇక్కడ ఉన్నాము. మీ పేషెంటు త్వరగా కోలుకొని ఇంటికి రావాలి. వచ్చేసరికి మీరూ ఆరోగ్యంగా ఉండాలి.